బుడ్డోడి కడుపు, అందరి సలహాలు

నిద్ర పట్టేలా లేదు. మా కుందేలు పిల్ల బుడ్డోడికి మధ్యాహ్నం మళ్లీ పలచగా అయింది. తోక కింద బొచ్చంతా అట్టకట్టుకుపోతే, గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి తుడిచి, తడి లేకుండా ఆరబెట్టేసరికి చీకటి పడింది. తడిగా వదిలేస్తే ఈగలు గుడ్లు పెడతాయి, అది ఇంకా ప్రమాదం. రెండో పిల్ల మిరియం మాత్రం హాయిగా గడ్డి నములుతోంది. రెండూ ఒకే రోజు, ఒకే అట్టపెట్టెలో వచ్చినవే.

అసలు కోపం ఆ షాపాయన మీద. రెండు నెలల పిల్లలన్నాడు. డాక్టర్ గారు చేతిలోకి తీసుకుని చూసి నెల దాటి ఎక్కువ రోజులై ఉండదన్నారు. ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండాలి. తల్లి కుందేలు రోజుకి ఒకసారో రెండుసార్లో, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుంది, కానీ పిల్ల కడుపుని కాపాడేవి ఆ కాసిని పాలే. ఆ వయసులో పొట్టలో యాసిడ్ పెద్దవాటికి ఉన్నంత బలంగా ఉండదు, పేగుల్లో మంచి బ్యాక్టీరియా ఇంకా కుదురుకోదు. అలాంటిదాన్ని పాలు మాన్పించి, బ్రెడ్డు ముక్కలు పెట్టి, ఎండలో కూర్చోబెట్టి అమ్మితే పారుకోక ఏమవుతుంది! పైగా "నీళ్లు పెట్టకండమ్మా, కుందేలుకి నీళ్లు పడవు, చచ్చిపోతుంది" అని చెప్పి పంపాడు. కిందింటావిడ, పాలబ్బాయి, మా మరిది, ఎవరిని కదిపినా ఇదే మాట. పారుకుంటున్న పిల్లకి నీళ్లు ఆపితే ఒక్క రోజులో ప్రాణం పోతుంది, ఇది ఎంతమందికని చెప్పను?

ఈయనేమో పాప జ్వరానికి తెచ్చిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ మిగిలింది కదా, ఒక చుక్క వేద్దామా అన్నారు. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి పారబోశాను. కుందేలుకి ఆ మందు నోట్లో వేస్తే పేగుల్లో మంచి బ్యాక్టీరియా చచ్చి, విషం చేసే రకం పెరిగిపోతుంది. డాక్టర్ గారు పెంటికలు మైక్రోస్కోపు కింద చూశారు, కాక్సిడియా ఉంది, పేగుల్లో చేరే కంటికి కనపడని పరాన్నజీవి అది. సల్ఫా మందు రాసిచ్చారు. మిరియానికి కూడా వేయాలి, పైకి బాగున్నా లోపల ఉండొచ్చు. ట్రే రోజూ కడిగి మరిగే నీళ్లు పోయాలి.

అత్తయ్యతో ఇంకో గొడవ. మిరియం తోక దగ్గరికి మూతి పెట్టి తింటుంటే "ఛీ, దానిది అదే తింటోంది" అని అదిలిస్తారు. అవి పారుడు కాదు. చిన్న ద్రాక్ష గుత్తిలా మెత్తగా, జిగురుగా, కాస్త వాసనగా వచ్చే ఆ పెంటికల్ని కుందేలు తినాల్సిందే, అందులోనే దానికి కావాల్సిన విటమిన్లు ఉంటాయి. ఆవు నెమరేసినట్టు ఇది రెండోసారి తింటుంది, అంతే. అవి తినకుండా ట్రేలో మిగిలిపోతుంటే పెల్లెట్లు, అంటే కొనుక్కొచ్చే గుళికల మేత, ఎక్కువై గడ్డి తగ్గిందేమో చూసుకోవాలి. నీళ్లలా కారేది వేరు.

ఆవు అనగానే తాతయ్య దూడ గుర్తొస్తోంది. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్లింట్లో గేదె ఈనింది, దూడకి తెల్లగా పారుకుంది. తాతయ్య దాన్ని తల్లికి దూరంగా కట్టేసి, పాలు కొద్దికొద్దిగా తాగనిచ్చి, మధ్యమధ్యలో ఉప్పూ బెల్లం కలిపిన నీళ్లు వెదురు గొట్టంతో పట్టేవాడు. తల్లి అరుస్తోంది, దూడ అరుస్తోంది, నేను అరుగు మీద కూర్చుని ఏడుస్తున్నాను. తాతయ్య ఎవరినీ పట్టించుకోలేదు. తెల్లారగానే లాంతరు పట్టుకెళ్లి పేడ పుల్లతో కదిపి చూసి, ఆ తర్వాతే టీ తాగేవాడు. గట్టిపడిన రోజు నన్ను పిలిచి మరీ చూపించాడు. అప్పుడు నాకు అసహ్యం వేసింది. ఇప్పుడు ట్రేలో గుండ్రంగా, పొడిగా నాలుగు పెంటికలు కనిపిస్తే చాలని చూస్తున్నాను.

అన్నట్టు, బుడ్డోడి దగ్గర వాసన తేడాగా ఉందని మొదట పసిగట్టింది అత్తయ్యే. సాయంత్రం అడక్కుండానే కిందికెళ్లి గరిక కోసుకొచ్చి, కడిగి నీడలో ఆరేశారు. కుందేళ్ల కోసం బయటి దేశాల నుంచి వచ్చే తిమోతి అనే ఎండుగడ్డి ధర చూస్తే గుండె ఆగుతుంది, ఈ గరికే నయం. ఆవిడ మీద పైన రాసింది కొట్టేయాలేమో. ఉండనీ, అదిలించడం మాత్రం మానాలి.

షాపాయన మీద కూడా ఇందాకటి కోపం లేదు. అరచేతిలో పట్టేంత పిల్లే కావాలని అడిగేవాళ్లుంటే ఆయన నెల పిల్లల్నే తెస్తాడు. కానీ అందుకని ఊరుకోవాలా? ఆ పంజరంలో ఇంకా అంతే పిల్లలు బోలెడున్నాయి, ఎక్కడా నీళ్ల గిన్నె లేదు. రేపు మందుకి ఎలాగూ అటు వెళ్తాను. గొడవ పెట్టుకోను, నీళ్లు పెట్టేదాకా మాత్రం కదలను. మందు వేసే టైమ్ అయింది.