ఉదయగిరి దారిలో టీనీళ్లు

కావలిలో రైలు దిగేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ఉదయగిరికి మొదటి బస్సు ఎప్పుడో కనుక్కుందామని బస్టాండుకు వెళ్తే విచారణ కిటికీ మూసి ఉంది. దాని ఎదురుగా టీ బంకు మాత్రం తెరిచి ఉంది. బస్సుల వేళలు కచ్చితంగా తెలిసినవాడు మన దగ్గర ఎప్పుడూ టీ బంకాయనే కదా!

"కూర్చో అబ్బయ్యా, ఇంకో అరగంట పడుతుంది. టీనీళ్లు తాగు" అన్నాడు పెద్దాయన.

టీనీళ్లు! ఆ మాట విని ఎన్నేళ్లయిందో. మా నాయనమ్మ అలాగే అనేది. ఆమె చిన్నతనంలో కందుకూరు దగ్గరి పల్లెలో పొద్దున్నే చద్దన్నం, మజ్జిగ, లేదంటే అంబలి. టీ ఇంట్లోకి వచ్చింది ఆమె కాపురానికి వచ్చాకనేనట. అది కూడా జ్వరమొస్తే ఇచ్చే కషాయం లెక్కన. రోజుకు నాలుగు గ్లాసులు తాగే నాకు ఈ అలవాటు అనాదిగా ఉన్నదన్న భ్రమ. నిజానికి మా ఇంట్లో దాని వయసు మూడు తరాలు.

పెద్దాయన పనితనం చూస్తూ కూర్చున్నాను. పాలూ నీళ్లూ సగం సగం పోశాడు. అల్లం ముక్కను గ్లాసు అడుగుతో చితక్కొట్టి వేశాడు. పొంగు వచ్చి అంచు దాటబోతుండగా మంట తగ్గించాడు, మళ్లీ పెంచాడు, మళ్లీ తగ్గించాడు. గుడ్డలో వడకట్టి, గుడ్డను మెలితిప్పి ఆఖరి చుక్క దాకా పిండాడు. ఏ పొడి వాడతారని అడిగితే "డస్టు" అన్నాడు. ఆ పేరు విని చాలామంది ఊడ్చి పోగుచేసిన దుమ్మనుకుంటారు. అది రవ్వ సైజును బట్టి పెట్టిన పేరు మాత్రమే. మన దక్షిణాదిలో ఎక్కువగా అమ్ముడుపోయేది ఆ రకమే. తొందరగా దిగుతుంది, రంగు చిక్కగా వస్తుంది, పాలకు తట్టుకుంటుంది. 1930 ప్రాంతంలో అస్సాంలో రంపంలా పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చించి, ఉండలు చుట్టే యంత్రం వచ్చింది. ఆ పద్ధతినే సీటీసీ అంటారు. అంతకుముందు చేతులతోనో యంత్రాలతోనో చుట్టిన పొడుగాటి ఆకే టీ. దాన్ని మా పెద్దాయన మరిగించే తీరులో మరిగిస్తే చేదు విషమవుతుందేమో! కిలో పొడికి ఎక్కువ గ్లాసులు రావడం కూడా సీటీసీతోనే కుదిరింది. అందుకే కూలి పనికి పోయేవాడికీ టీ అందింది.

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. కలిగిరి వైపు వెళ్తుంటే పొలాలు, తుమ్మ చెట్లు, మధ్య మధ్య చెరువులు. ఈ నేలలో టీ మొక్క నాటితే పట్టుమని పది రోజులు బతకదు. దానికి చల్లదనం కావాలి, వాన కావాలి, నీళ్లు నిలవని వాలు కావాలి. అది మన దేశంలో మొదట బయటివాళ్ల కంటపడింది అస్సాంలో. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండ్ వర్తకుడికి సింగ్ఫో తెగ నాయకుడు బీసా గామ్ ఆ చెట్లను చూపించాడు. ఆయన దగ్గరికి వెళ్లమని దారి చెప్పింది మణిరామ్ దివాన్ అంటారు. సింగ్ఫోలు ఆ ఆకు రసం తాగడం అప్పటికే ఎరుగుదురు, కాబట్టి "కనిపెట్టారు" అనే మాట నాకు నచ్చదు. 1834లో కంపెనీ ప్రభుత్వం టీ కమిటీ వేసింది. 1838లో అస్సాం టీ పెట్టెలు లండన్‌కు బయలుదేరాయి. ఆ మణిరామ్ దివానే తర్వాత సొంతంగా టీ తోటలు వేశాడు, చివరికి 1858లో ఆంగ్లేయులు ఆయన్ని ఉరితీశారు. తోటల్లో పనికి దూర ప్రాంతాల నుంచి కూలీలను తరలించారు. అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు, వాళ్ల సంతతి ఇప్పటికీ అస్సాంలో ఉంది. అంటే టీ మన దగ్గరికి రాకముందే మనవాళ్లు టీ దగ్గరికి వెళ్లారు.

ఆ టీ మనం తాగడానికి కాదు, ఎగుమతికి. మనకు అలవాటు చేయాలన్న పట్టుదల ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. 1903లో టీ మీద సుంకం వేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. రైల్వే స్టేషన్లలో రంగు బోర్డులు, ఊరిస్తూ ఉచితంగా పోసిన కప్పులు. వీధి వ్యాపారులు అల్లం, ఏలకులు వేస్తుంటే టీ కంపెనీలవారు చిరాకుపడేవారట, పొడి తక్కువ ఖర్చవుతుందని! ఆ చిరాకును మనవాళ్లు పట్టించుకోకపోవడమే మంచిదైంది.

కలిగిరి దాటాక పక్క సీటులోకి ఒక పెద్దామె వచ్చింది. దూబగుంట ఈ మండలంలోనే కదా అని మాట కలిపాను. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకున్న ఊరు అది. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. "మా ఊరిలో సారా అంగడి ఉన్నచోటే ఇప్పుడు టీ అంగడి ఉంది నాయనా. మగవాళ్లు అప్పుడూ అక్కడే, ఇప్పుడూ అక్కడే" అని నవ్వింది. మందు మాత్రం పోలేదు లెండి, సీసా మార్చుకుంది.

ఉదయగిరిలో దిగి ఫ్లాస్కు నింపించుకుని దుర్గం ఎక్కడం మొదలుపెట్టాను. పైదాకా వెళ్లానని గొప్పలు చెప్పను, సగంలోనే ఎండ ఓడించింది. శిథిలమైన గోడ నీడలో కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పాను. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి గెలుచుకున్న కోట ఇది. ముట్టడి ఏడాదిన్నర సాగింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్లి హంపిలో ప్రతిష్ఠించాడు. ఏడాదిన్నర పాటు కొండ కింద కాపలా కాసిన సైనికులు తెల్లవారుజామున ఏం తాగి నిద్ర ఆపుకున్నారో! నాకు చరిత్రలో పట్టేవి ఇలాంటి పనికిమాలిన సందేహాలే.

దిగి వచ్చి కొయ్య చెంచాలు చేసే ఒక ఇంటికి వెళ్లాను. ఉదయగిరికి ఆ పని పెద్ద పేరు. గుమ్మంలో ఒకామె ఆకురాయితో చెంచా గుంటను నునుపు చేస్తోంది. గరిటెలు, ఫోర్కులు, చిన్న చెంచాలు నేల మీద పరిచి ఉన్నాయి. టీపొడి కొలుచుకోవడానికి ఒకటి కావాలన్నాను. ఆమె నాలుగైదు పక్కకు నెట్టి ఒకటి తీసింది. లోపలికి వెళ్లి తన డబ్బాలోంచి పొడిని దానితోనే ముంచి చూపించింది.

"ఇదైతే సరిపోతుంది అన్నా. రెండు గ్లాసులకు ఒక చెంచా."

"నలుగురు వస్తే రెండు వేయాలా అమ్మా?"

"చెంచా అదే అన్నా. మరిగించడం ఎక్కువ."