ఎండీఎంఏ థెరపీ: నా అనుభవం, నా కోపం

"మత్తుమందు ఇచ్చి మనసు బాగుచేస్తారటగా, నిజమేనా?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అందులో సగం కుతూహలం, సగం వెటకారం. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు కాస్త తేరుకున్నాను కాబట్టి చెబుతాను. ఆ మత్తుమందు ఎండీఎంఏ, పార్టీల్లో 'ఎక్స్టసీ' పేరుతో తిరిగేదే.

కారు ప్రమాదంలో నా స్నేహితురాలు చనిపోయింది. నేను పక్క సీట్లో ఇరుక్కుపోయాను. రేకులు కోసి మమ్మల్ని బయటికి తీసేదాకా తన ఫోన్ మోగుతూనే ఉంది. మా కాళ్ళ దగ్గర పడి, 'అమ్మ' అని వెలుగుతూ, ఆగిపోతూ, మళ్ళీ వెలుగుతూ. నా చేతులు రెండూ కదల్లేదు. తర్వాత ఎముకలు అతుక్కున్నాయి గానీ ఆ ఫోన్ మాత్రం ఆగలేదు. ఎక్కడ ఎవరి ఫోన్ మోగినా చెమటలు, గుండెదడ. చివరికి ఉద్యోగం మానేశాను.

మొదట చూపించుకున్న డాక్టరు కంప్యూటర్ మీంచి తల కూడా ఎత్తకుండా, "ఆవిడ పోయారు, మీరు బతికారు. అదృష్టం అనుకోండి" అన్నాడు. ప్రమాదం ఎంత కాల్చుకు తిన్నదో ఆ మాటా అంతే తిన్నది. ఇంత అదృష్టం పట్టినదాన్ని ఏడవడమేంటని నన్ను నేనే తిట్టుకునేలా చేసింది.

మాత్రలు, కౌన్సెలింగ్ అన్నీ అయ్యాయి. నేనుండే ఆస్ట్రేలియాలో 2023 జూలై 1 నుంచి ప్రత్యేక అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు ఘోరం చూశాక ఆ భయం వదలని జబ్బుకు, అంటే పీటీఎస్‌డీకి ఎండీఎంఏ రాయొచ్చు. మాత్రలకు లొంగని డిప్రెషన్‌కైతే కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్. ఇంకో డాక్టరమ్మ నాకు ఆ దారి చూపించింది. బాధ పోతుందని ఆవిడ చెప్పలేదు. దాన్ని తలుచుకున్నప్పుడు భయం కాసేపు తగ్గుతుందని, ఆ కాసేపట్లో పని మనమే చేసుకోవాలని చెప్పింది. అన్నయ్యకు చెబితే, "అంటే నువ్వూ గంజాయి బ్యాచ్‌లో చేరావన్నమాట" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

అందరూ సెషన్ గురించే అడుగుతారు. దానికి ముందు వాడుతున్న డిప్రెషన్ మాత్రలు మెల్లమెల్లగా తగ్గించి ఆపించారు. అవీ మెదడులోని సెరొటోనిన్ అనే రసాయనం మీదే పనిచేస్తాయి, అవి ఒంట్లో ఉంటే ఎండీఎంఏ సరిగా పట్టదు. ఆ తగ్గించే రోజుల్లో నిద్ర లేదు, తిండి సయించదు, ఊరికే ఏడుపు. మా ఆయన లేకపోతే ఆ దశ దాటేదాన్నే కాదు. దాని గురించి ముందే గట్టిగా హెచ్చరించి ఉంటే బాగుండేది, ఈ విషయంలో క్లినిక్ మీద నాకింకా కోపమే.

సెషన్ అంటే పెద్దగా చెప్పడానికేం లేదు. పొద్దున బీపీ చూశారు, క్యాప్సూల్ ఇచ్చారు, కళ్ళకు గంతలు, మెల్లగా సంగీతం, పక్కన ఇద్దరు థెరపిస్టులు సాయంత్రం దాకా. దవడలు బిగుసుకుపోయాయి, నోరెండిపోయింది. రంగులు కనిపించాయా, దేవుడు కనిపించాడా అంటారు. ఏమీ కనిపించలేదు. ఫోన్ వైపు కాకుండా తన వైపు చూడగలిగాను, అంతే. ఎడమ చెవి కమ్మ శీల ఊడి, జుట్టులో చిక్కుకుని వేలాడుతోంది. అన్నేళ్ళూ అది నాకు గుర్తే లేదు.

రెండో సెషన్ అయిన రాత్రి మాత్రం చచ్చిపోతానేమో అనుకున్నాను. ఇంటికొచ్చి పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక తలలో ఫోన్ మొదలైంది, ఈసారి ఆగకుండా. ఒళ్ళంతా వణుకు. వీళ్ళు పుండు కోసి కుట్లు వెయ్యకుండా పంపేశారని, ఇంక జన్మంతా ఇంతేనని అరిచాను. మా ఆయన క్లినిక్ వాళ్ళిచ్చిన నంబరుకు చేసి స్పీకర్ పెట్టాడు. ఆ థెరపిస్టు "కంగారు పడకండి" అనలేదు. "ఇప్పుడు మీ చేతులు కదులుతాయి కదా, ఫోన్ ఎత్తితే ఏం చెబుతారు?" అంది.

"ఆంటీ, తను నా పక్కనే ఉంది. నేనే మాట్లాడుతున్నాను. తను ఇంక లేదు ఆంటీ. నా చేతులు ఇరుక్కుపోయాయి, అందుకే ఎత్తలేకపోయాను."

తెలుగులోనే చెప్పాను. ఆవిడకు తెలుగు ముక్క రాదు. మళ్ళీ మళ్ళీ అదే చెబుతుంటే, తెల్లారేదాకా "ఊఁ" అంటూ వింది. ఆవిడకు ఏమిచ్చి రుణం తీర్చుకోగలను?

2023లో వచ్చిన, మందును మనుషుల మీద పరీక్షించే మూడో దశ ట్రయల్ ఫలితాల్లో, ఎండీఎంఏతో పాటు థెరపీ తీసుకున్న వాళ్ళలో 71 శాతం మందికి పీటీఎస్‌డీ అని చెప్పదగ్గ స్థితి పోయింది. ఉత్తుత్తి మందుతో అదే థెరపీ తీసుకున్న వాళ్ళలోనూ 48 శాతం మందికి పోయింది! మందు గొప్పదే, కాదనను. కానీ తొందరపెట్టకుండా పక్కన కూర్చునే మనిషి విలువెంతో ఆ రెండో అంకె చూస్తే తెలుస్తుంది. నాకు మొదటి డాక్టరు దగ్గర కరువైంది అదే. ఇన్ని ఫలితాలున్నా అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఆగస్టులో అనుమతి ఇవ్వలేదు, ఇంకో ట్రయల్ చెయ్యమంది. నా ప్రాణానికి మంచి జరిగింది కదా అని వాళ్ళను తిట్టలేను. కెనడాలో ఒక ట్రయల్‌లో థెరపిస్టులే రోగితో అనుచితంగా ప్రవర్తించారు. మందు మీద ఉన్న మనిషి ఎవరినైనా నమ్మేస్తుంది. అందుకే ముట్టుకోవడం గురించి ముందే మాట్లాడుకోండి, వీడియో తీస్తారా అని అడగండి.

ఎవరో తెచ్చిన పొడితో ఇంట్లో ప్రయత్నిద్దామనుకునే వాళ్ళకు దండం పెట్టి చెబుతున్నాను, వద్దు. అందులో ఏం కలిసిందో మీకు తెలియదు. ఇండియాలో మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద అది నేరం కూడా. బీపీ, గుండె జబ్బు, ఇంట్లో ఎవరికైనా సైకోసిస్ (లేనివి ఉన్నట్టు తోచే మానసిక జబ్బు) ఉంటే డాక్టరు దగ్గర దాచొద్దు.

ఆ మొదటి డాక్టరుకు మొత్తం రాసి మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. అన్నయ్య మాత్రం ఈమధ్య కాల్ చేసేముందు "చెయ్యొచ్చా?" అని మెసేజ్ పెడుతున్నాడు. అక్కర్లేదు, నేరుగా చెయ్యమన్నాను.