క్రైటీరియన్ ఆరు, ఇత్తడి కడ్డీ

ఈరోజు మధ్యాహ్నమంతా సర్టిఫికెట్లతోనే సరిపోయింది. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్‌కు ఏటా పంపే నివేదిక, అదే ఏక్యూఏఆర్, అప్‌లోడ్ చేయాలట, ఈ ఏడాది ఎవరెవరు ఏ ఎఫ్‌డీపీ, అంటే అధ్యాపకుల శిక్షణ, చేశారో సైన్సు డిపార్ట్‌మెంట్లవన్నీ నేను పోగుచేయాలట. కాలేజీలో నాణ్యత వ్యవహారాలు చూసే ఐక్యూఏసీ మేడం పొద్దున్నే గ్రూపులో పెట్టేశారు. న్యాక్ వాళ్ల ఏడు క్రైటీరియాల్లో ఆరోదాని కింద వస్తుందిది, అధ్యాపకుల సాధికారత అనే పేరుతో. న్యాక్ ఆఫీసేమో ఇక్కడే నాగరభావిలో. మెట్రో దిగి ఆటో ఎక్కితే అంత దూరం కూడా ఉండదు. కానీ బెంగళూరు కాలేజీలకు ఆ పేరు వింటే పట్టే దడ మాత్రం ఊళ్లో కాలేజీలకు పట్టే దడకేం తీసిపోదు.

ఎక్సెల్ షీటులో గళ్లు ఇవీ: టీచరు పేరు, కార్యక్రమం పేరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, సర్టిఫికెట్ లింకు. ఐదు రోజులకు తక్కువైనవి పక్కన పెట్టేయమన్నారు. వెళ్లొచ్చాక క్లాసులో ఏం మారింది అన్న గడి లేదు. ఉండాలని నేననడం లేదు. ఉంటే దాన్ని నింపే పని కూడా నా నెత్తినే పడేది.

మ్యాథ్స్ సార్ ఒకాయన కట్టలకొద్దీ పంపారు. అన్నీ ఆన్‌లైన్‌వే. ఒకదాని తేదీలు చూస్తే నవ్వొచ్చింది, అవి మా వాల్యుయేషన్ క్యాంపు రోజులు. ఆయన నా పక్క టేబులే. కెమెరా ఆపి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పేపర్లు దిద్దుతుంటే చూశాను. చివర్లో క్విజ్, ఫీడ్‌బ్యాక్ ఫారం, అన్నిటికీ ‘ఎక్సలెంట్’, సాయంత్రానికి మెయిల్లో సర్టిఫికెట్. ఆయన్ని తప్పుపట్టలేను. అడిగింది కాగితం, ఇచ్చింది కాగితం.

నాన్న ఉన్నప్పుడు ఇలా కాదు. హిందూపురంలో డిగ్రీ కాలేజీ లెక్చరరు ఆయన. 1986 విద్యా విధానం తరవాత, 1987 నుంచి యూజీసీ దేశమంతా అకాడెమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టుకుంటూ వచ్చింది. నాన్న ఓరియెంటేషన్‌కి తిరుపతి, ఎస్వీ యూనివర్సిటీకి వెళ్లారు. నాలుగు వారాలు. ప్రమోషన్‌కి అది కావాలి, అందుకే వెళ్లారు, అందులో దాపరికమేం లేదు. తిరిగొచ్చేటప్పుడు లడ్డూలతో పాటు ఒక అలవాటు తెచ్చుకున్నారు. క్లాసులో ప్రశ్న అడిగాక నోరు మూసుకుని, మనసులో పది దాకా లెక్కపెట్టుకోవడం. అంతకుముందు ఆయనే అడిగి ఆయనే జవాబు చెప్పేసేవారట. నాలుగు వారాలకు ఆ ఒక్కటేనా అని అమ్మ ఎగతాళి చేసేది. నాకైతే అదే ఎక్కువనిపిస్తుంది, ఎందుకంటే ఆ పది అంకెలు రిటైరయ్యేదాకా నడిచాయి.

ఆ స్టాఫ్ కాలేజీలే 2015లో హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ సెంటర్లయ్యాయి, 2023లో మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. బోర్డులు మార్చడంలో మనవాళ్లకున్న హుషారు ఇంకెందులోనూ ఉండదు. 2018 యూజీసీ రూల్సులో కూడా అసిస్టెంట్ ప్రొఫెసరు మొదటి మెట్టు దాటాలంటే 21 రోజుల ఓరియెంటేషన్ కావాలని ఉంది. ఇదంతా ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ల లెక్క. మాది అన్‌ఎయిడెడ్, ప్రభుత్వ జీతాలు రాని ప్రైవేటు కాలేజీ. మాకు మెట్టూ లేదు, దాటడమూ లేదు. మాకున్నది న్యాక్ గ్రేడు, దానికోసం ఈ షీటు.

డబ్బులు లేవా అంటే, ఉన్నాయి. పోయినసారి మా దగ్గరే ఎఫ్‌డీపీ పెట్టినప్పుడు వచ్చిన అతిథులకు మైసూరు పేటా, శాలువా, పండ్ల బుట్ట, మెమెంటో. మధ్యాహ్నం హోళిగె భోజనం. బ్యానరు ఎంత పెద్దదంటే సెమినార్ హాల్ గోడ చాలక కిటికీ మీదికి కూడా వచ్చింది. పాఠం చెప్పడం గురించి మాట్లాడింది టీకి ముందు కాసేపు, అదీ నేర్చుకోవడంలో మెట్లు చూపే బ్లూమ్స్ టాక్సానమీ పిరమిడ్ బొమ్మ చూపించి. పై స్థాయిలో కూడా ఇదే తంతు. కేంద్రం కెనరా బ్యాంకుతో కలిసి 2017లో హెఫా అని ఒక సంస్థ పెట్టింది, అదీ మన బెంగళూరు కేంద్రంగానే. ప్రభుత్వ విద్యాసంస్థలకు భవనాలకు, ల్యాబులకు అప్పులిస్తుంది. గోడకు అప్పు పుడుతుంది. గోడ ముందు నిలబడి చెప్పేవాడికి ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ తోచదు.

షీటులో నా వరుస నింపుతుంటే మాత్రం చెయ్యి ఆగింది. ఇక్కడే బెంగళూరు జాలహళ్లిలో చేసిన ఫిజిక్స్ రిఫ్రెషర్ కోర్సు. సైన్స్ అకాడమీలు మూడూ కలిసి కాలేజీ టీచర్లకు నడిపేవి ఇవి. సర్ సీవీ రామన్ 1934లో ఇక్కడే పెట్టిన అకాడమీ వాటిలో ఒకటి. దారి ఖర్చులిచ్చి, అక్కడే ఉంచి, భోజనం పెట్టి, పొద్దున్నించి రాత్రి దాకా మా చేత ప్రయోగాలు చేయించారు. ప్రొఫెసర్ ఆర్. శ్రీనివాసన్ గారు మొదలుపెట్టిన కోర్సు అది. ఉపన్యాసం తక్కువ, వైర్లు ఎక్కువ.

ఇత్తడి కడ్డీ ప్రయోగం ఇంకా కళ్లముందే ఉంది. కడ్డీ ఒక చివర హీటరు కాసేపు వేసి, కాసేపు ఆపి, మళ్లీ వేస్తుండాలి. కడ్డీ మీద రెండు చోట్ల ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్స్. రీడింగులు రాసుకుంటూ కూర్చోవడమే పని. నా జోడీ రాయచూరు పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గర పడ్డారు, తెలుగు మా సీమ వాళ్లలాగే మాట్లాడతారు. ఉన్నట్టుండి పెన్ను కింద పెట్టి, “అమ్మా, ఇట్లా చూడు. ఈ పక్క వేడి తగ్గుతా ఉంది. ఆ పక్క ఇంకా ఎక్కుతానే ఉంది!” అన్నారు. వేడి అల ఆలస్యంగా చేరుతుందని, దూరం పోయేకొద్దీ పలచబడుతుందని ఆయన ఎన్నో ఏళ్లుగా బోర్డు మీద సమీకరణం రాసి చెబుతున్నవారే. ఆ రోజు మాత్రం మల్టీమీటరు పట్టుకున్న చెయ్యి కాసేపు దించలేదు. షీటులో ఇదీ, మ్యాథ్స్ సార్ వాల్యుయేషన్‌లో విన్నదీ ఒకే వరుస, ఒకే మార్కు.

సాయంత్రం మా పెద్దమ్మ మనవరాలు ఫోన్ చేసింది. మిషిగన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ, పిల్లలకు పాఠాలు కూడా చెబుతుంది. ఈ గోలంతా చెప్తే నవ్వి, వాళ్ల దగ్గర సంగతి చెప్పింది. బోధన కోసమే ఒక కేంద్రం ఉందట, 1962 నుంచి. క్లాసులో ఏదైనా కొత్తగా చేసి చూస్తామంటే చిన్న గ్రాంట్లిస్తారు. సెమిస్టరు మధ్యలో కావాలంటే ఆ కేంద్రం నుంచి ఒక మనిషి వచ్చి కాసేపు క్లాసు చూస్తారు. తరవాత టీచరును బయటికి పంపి, ఏది బాగుంది, ఏది మారాలి అని పిల్లల్నే అడిగి, అదంతా తెచ్చి టీచరుతో కూర్చుని మాట్లాడతారు. “భయం వెయ్యలేదా?” అన్నాను. “వేసింది పిన్నీ. కానీ వాళ్లు మా ప్రొఫెసర్‌కి చెప్పరు కదా” అంది.

ఆ చివరి మాటే పట్టుకుంది నన్ను. మన దగ్గర ఎవరైనా క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చుంటే అది ఇన్‌స్పెక్షనే. పిల్లలు కూడా సర్దుకుని కూర్చుంటారు. ఇక ఏం చూస్తారు, ఏం చెబుతారు?

కెమిస్ట్రీ అక్కకు ఫోన్ చేశాను. చిత్తూరావిడ, నాకంటే బాగా సీనియరు, పిల్లలు ఈమె క్లాసు ఎగ్గొట్టరు. ఒకసారి నా క్లాసుకొచ్చి వెనక కూర్చోవా అక్కా అన్నాను.

“నీకేమన్నా పట్టిందా? ప్రిన్సిపాల్ చెప్పినాడా?”

“లేదక్కా, నేనే అడుగుతున్నా. కాగితం కూడా ఏం రాయద్దు.”

కాసేపు మాట్లాడలేదు. “సరే వస్తా. మళ్ల నువ్వు కూడా నా క్లాసుకు రావల్ల. వచ్చి బాగుంది బాగుంది అని పోతే ఊరుకోను. ఇంకోటి, గ్రూపులో పెట్టబాకు. రేపటికల్లా దానికీ ఫార్మాట్ పంపిస్తారు.”

గురువారం రెండో పీరియడ్ ఆవిడకు ఖాళీ. నాకు ఆ రోజు ఎంట్రోపీ అని చెప్పాను. “అయ్యో, ఇంకేదన్నా తేలికది పెట్టుకో మే” అంది. లేదక్కా, అదే చెప్తానన్నాను.