జూబిలీ పూల్ గట్టు మీద అమ్మ

మా అమ్మది భీమిలి. సముద్రస్నానం అంటే ఆవిడకి మాఘ పౌర్ణమినాడు పక్కవాళ్ల చెయ్యి గట్టిగా పట్టుకుని మూడు మునకలు వేసి, నాలుగో అల వచ్చేలోపు ఒడ్డుకి వచ్చెయ్యడమే. చిన్నప్పుడు నన్ను మోకాలి లోతు దాటనిచ్చేది కాదు. అందుకే కిందటి జూన్‌లో ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, నైరుతి కొసన సముద్రం ఒడ్డున ఉన్న పెన్జాన్స్ తీసుకెళ్తానని పట్టుబట్టాను. అలల భయం లేకుండా సముద్రపు నీళ్లలో ఈదే కొలను, జూబిలీ పూల్, అక్కడ ఒకటుందని ఆవిడకి చూపించాలి.

రైల్లో నాలుగున్నర గంటల పైనే పట్టింది. దారిలో డాలిష్ అనే ఊరి దగ్గర పట్టాలు సముద్రం అంచునే పోతాయి. 2014 ఫిబ్రవరి తుపానుకి ఇక్కడ గోడ కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయని, రెండు నెలలు రైళ్లు తిరగలేదని చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు గానీ, కిటికీ దగ్గర్నుంచి కాస్త ఇవతలికి జరిగింది.

పెన్జాన్స్ స్టేషన్లో దిగి హార్బర్ పక్కగా నడిస్తే పావుగంట. దూరంగా నీళ్ల మధ్య సెయింట్ మైకేల్స్ మౌంట్ కొండ, దాని మీద కోట కనిపిస్తూనే ఉన్నాయి. మలుపు తిరిగేసరికి తెల్లటి గోడలు, వాటి వెనక నీలం నీళ్లు. మామూలు ఈత కొలనులా చదరంగా కాదు, త్రికోణంగా ఉంది. "పడవ అణియంలా ఉందిరా" అంది అమ్మ. నిజమే, పడవ ముందు కొసలాగే ఉంది. అక్కడివాళ్లు మాత్రం నీటి మీద వాలుతున్న సముద్రపు పక్షి ఆకారం అంటారు.

కొలను కట్టిన చోట ఉన్న ఈ రాళ్లని బ్యాటరీ రాక్స్ అంటారు. 1740లో ఊరి కాపలాకి ఇక్కడ ఫిరంగులు పెట్టారు, ఫిరంగుల వరసని ఇంగ్లిష్‌లో బ్యాటరీ అంటారు, అందుకే ఆ పేరు. తర్వాత జనం ఆ రాళ్ల మీంచే సముద్రంలో దిగి ఈదేవారు. 1930ల్లో ఊరి ఇంజనీరు కెప్టెన్ ఫ్రాంక్ లాథమ్ ఆ రాళ్ల మధ్యే కొలను గీశాడు. గోడల్ని వంపులు తిప్పింది అందం కోసమే కాదు, నేరుగా వచ్చే అల ఆ వంపు మీద పడి చెదిరిపోతుంది. 1935 మే 31న తెరిచారు. ఐదో జార్జి రాజ్యానికొచ్చి పాతికేళ్లయిన సంవత్సరం అది, జూబిలీ అన్న పేరు అలా వచ్చింది. అప్పుడు మనకూ ఆయనే చక్రవర్తి.

ఆ కాలంలో ఇంగ్లండ్ తీరమంతా ఇలాంటి కొలనులు కట్టారు. తర్వాత జనం సెలవులకి విమానమెక్కి స్పెయిన్ పోవడం మొదలయ్యాక చాలావరకు మూతపడ్డాయి. ఇదీ పాడుబడే స్థితికి వచ్చింది. జాన్ క్లార్క్ అనే రిటైర్డ్ ఆర్కిటెక్ట్ ముందు నిలబడి ఊరివాళ్లని కూడగట్టాడు. 1993లో దీన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు, బాగుచేశారు. మళ్లీ 2014లో, డాలిష్‌ని కొట్టిన ఆ శీతాకాలపు తుపాన్లే దీన్నీ విరగ్గొట్టాయి. సుమారు 30 లక్షల పౌండ్లు పోసి 2016లో తెరిచారు. ఇప్పుడిది ఊరివాళ్ల సొసైటీ చేతిలో ఉంది. వెయ్యి మందికి పైగా తలా కాస్త వేసుకుని వాటాలు కొన్నారు. వాళ్లంటే నాకు చాలా గౌరవం. రెండుసార్లు చేజారబోయిన దాన్ని రెండుసార్లూ వదల్లేదు.

నేను దిగాను. నీళ్లు 14 డిగ్రీలని బోర్డు మీద సుద్దతో రాశారు. మొదటి మెట్టు మీద చీలమండలు కొరికేసినట్టయింది, నడుము దాకా వచ్చేసరికి ఊపిరి అందలేదు. "చాల్లే, పైకి రారా!" అని అమ్మ కేక. పక్కనే డెబ్భై ఏళ్లు దాటిన ఒకావిడ, పూలపూల టోపీ పెట్టుకుని నింపాదిగా ఈదుతూ, "మెడ వరకు ఒక్కసారే దిగిపో బాబూ, ఊపిరి బయటికి వదులు" అంది. అలాగే చేశాను. నాలుగు బారలు వేసేసరికి ఒళ్లు కుదుటపడింది. పెదాల మీద మా భీమిలి ఉప్పే. గోడ అవతల అల తగిలి లేచిన తుంపర మొహం మీద పడుతోంది, ఇవతల నీళ్లు మాత్రం తొణకడం లేదు.

ఒక మూల విడిగా కట్టిన వేడినీళ్ల భాగం ఉంది, 2020 సెప్టెంబరులో మొదలైంది. "ఇంత చలి దేశంలో ఈ వేడి ఎక్కడిదిరా?" అని అడిగింది అమ్మ. 410 మీటర్లు బోరు వేశారని, కింద గ్రానైటు రాయి వేడిగా ఉంటుందని, ఆ నీళ్ల వేడి తీసి కొలనులోని సముద్రపు నీళ్లకి ఇస్తారని చెప్పాను.

"అంటే బోరు వేస్తే వేడినీళ్లే పడ్డాయన్నమాట!"

అక్కడ పనిచేసే అమ్మాయిని అడిగితే గట్టున కూర్చోవచ్చంది. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కాళ్లు నీళ్లలో పెట్టింది. దాదాపు 35 డిగ్రీలు. కాసేపు కళ్లు మూసుకుని, దోసిలితో మూడుసార్లు నీళ్లు తీసి నెత్తిన చల్లుకుంది. తర్వాత అటు చల్లనీళ్ల వైపు చూసింది. పూలటోపీ ఆవిడ ఇంకా ఈదుతూనే ఉంది.

"వెళ్లు, ఇంకోసారి దిగు. ఆ చివరి దాకా వెళ్లిరా, నేను చూస్తుంటాను" అంది.