ఒడ్డుకి రోజున్నర

బోటులో నా సంచిలో గ్యాస్ మాత్రల డబ్బా ఒకటి ఉండేది. రాత్రి అన్నం తిన్నాక అందులోంచి ఒకటి వేసుకునేవాణ్ణి. "మావకి కడుపులో ఎప్పుడూ మంటే" అని కుర్రాళ్లు నవ్వేవారు. డబ్బా మాత్రమే గ్యాస్ మాత్రలది. లోపలున్నవి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లోని ఏఆర్టీ సెంటర్లో ఉచితంగా ఇచ్చే హెచ్ఐవీ మాత్రలు. మూడు మందులూ ఒకే మాత్రలో ఉంటాయి.

2022 ఫిబ్రవరిలో దగ్గు, సాయంత్రమైతే జ్వరం, మనిషిని సగమైపోయాను. ముందు ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. నన్నో మాట అడక్కుండా రక్తం తీసి అన్ని పరీక్షలూ చేసేశారు. డ్యూటీ డాక్టరు రిపోర్టు పట్టుకుని, వార్డు గుమ్మంలోనే నా భార్యతో, "వేటకెళ్లినోళ్లు ఊరికే రారు కదమ్మా, ఇలాంటివే తెస్తారు" అన్నాడు. పక్క మంచాలవాళ్లంతా తలలు తిప్పారు. జబ్బేమిటో ఆయన నాకు చెప్పనే లేదు, ఆమె మొహం చూసి తెలుసుకున్నాను. మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదనీ, ఇంకొకరికి చెప్పకూడదనీ 2017లోనే చట్టం చేశారట, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో కూడా ఉందట. తర్వాత ఏఆర్టీ సెంటర్లో కౌన్సెలర్ చెబితేనే తెలిసింది. ఆ డాక్టరుకి ఎవరు చెప్పాలో మరి.

టీబీ కూడా ఉందన్నారు, దాని మందులు ఆరు నెలలు వాడాను. మార్చిలో హెచ్ఐవీ మందు మొదలైంది. టీబీ మందులున్నన్నాళ్లూ ఆ మూడు మందుల్లో ఒకటైన డోలుటెగ్రావిర్ మాత్ర ఒకటి అదనంగా వేసుకోమన్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట బంద్, అది నాకు కలిసొచ్చింది. నా భార్యకి పరీక్ష చేస్తే లేదన్నారు. మూడు నెలలాగి మళ్లీ చేసినా లేదు. అప్పన్న దయ అంది ఆమె. అంటూనే ఇంకో మాట కూడా అంది. రెండో కాన్పప్పుడు సర్కారు ఆసుపత్రిలో ఆమెకి ఈ పరీక్ష చేసి, "మీ ఆయన్ని కూడా తీసుకురామ్మా" అన్నారట. అప్పుడు నేను వేటలో ఉన్నాను. ఒడ్డుకొచ్చాక కూడా పోలేదు. ఎక్కడ తగిలించుకున్నావని మీరూ అడుగుతారు. ఆమె అడిగితే చెప్పాను. మీకు చెప్పను.

ఆగస్టు ఆఖర్లో టీబీ మందు అయిపోయింది. సెప్టెంబరులో మళ్లీ బోటెక్కాను. తిరిగొచ్చాక నా మొదటి వైరల్ లోడ్ పరీక్ష. అంటే రక్తంలో వైరస్ ఎంతుందో అప్పటికి నాకు తెలీదు.

కళింగపట్నానికి ఎదురుగా బాగా లోపలున్నాం. రాత్రి ఒంటిగంట. వల లాగుతుంటే వించి మీద ఇనుపతాడు పోగు తెగి నా అరచేతిలో దిగిపోయింది. పీకేసరికి రక్తం బుడబుడా వచ్చింది. మా కలాసీ కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, ఎగిరొచ్చి తన లుంగీ అంచు చించి నా చేతిని రెండు చేతులా గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. పొద్దున్నే జెల్ల ముల్లు దిగి వాడి వేళ్లు కూడా చీలి ఉన్నాయి. నేను వాణ్ణి ఒక్క తోపు తోశాను. వాడు నవ్వుతూ, "ఏటి మావా, నా సెయ్యి కంపు కొడతందా?" అన్నాడు.

నా రక్తం వాడి మోచేతుల దాకా ఉంది. కౌన్సెలర్ మాటలు గుర్తొచ్చాయి: చెక్కుచెదరని చర్మం మీద పడితే ఏమీ కాదు, పుండుంటేనే సంగతి. సబ్బూ నీళ్లూ పెట్టి కడగాలి, పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. తాగే నీళ్ల డ్రమ్ములోంచి బిందె ముంచి ఒంటి సబ్బుతో వాడి చేతులు కడిగాను, మళ్లీ కడిగాను. "తాగే నీలు పారబోస్తన్నావేటి?" అని డ్రైవరు అరిచాడు.

కడగడంతో తీరిపోదు. వైరస్ అంటుకోకుండా ఆపడానికి 28 రోజుల మందు ఒకటుంది. దాన్ని 72 గంటల్లోపు మొదలెట్టాలి, ఎంత తొందరగా పడితే అంత మంచిది. ఒడ్డుకి రోజున్నర. కుర్రాడికి జెల్ల విషం ఎక్కింది, బోటు తిప్పమని డ్రైవరుకి అబద్ధం చెప్పాను. నన్ను, మా అమ్మని, గంగమ్మని కూడా కలిపి తిట్టి తిప్పాడు. ఆ డీజిల్ డబ్బులు తర్వాత నా వాటాలో కోసుకున్నాడు.

కుర్రాడికి మాత్రం నిజమే చెప్పాలి. వెనక వలకుప్ప మీద కూర్చోబెట్టి గ్యాస్ మాత్రల డబ్బా చేతిలో పెట్టాను. చెప్పాను. వాడు మూత తిప్పాడు, బిగించాడు, మళ్లీ తిప్పాడు. చాలాసేపటికి, "మా అమ్మకి సెప్పకు" అన్నాడు. అంతే. తెల్లారేదాకా వాడు అటూ నేను ఇటూ. నా చెయ్యి సలుపుతున్నా నాకు వాడి వేళ్లే కనిపిస్తున్నాయి. జబ్బుపడ్డప్పుడు కూడా అంత భయపడలేదు.

మర్నాడు మధ్యాహ్నం డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్ కనపడ్డాక లెక్కేశాను: 38 గంటలు. ఫిషింగ్ హార్బర్లో ఆటో ఎక్కించి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ వాణ్ణి ఒక్క వెటకారం మాట అనలేదు. గాయం చూసి, వివరంగా అడిగి, రక్తం తీసి మందు మొదలెట్టింది. ఆవిడకి దండం పెట్టాలనిపించింది, పెట్టలేదు.

కుర్రాడు మొదటి వారం వాంతులతో పడ్డాడు, అయినా 28 రోజులూ వేసుకున్నాడు. ఆరు వారాల పరీక్షలో లేదన్నారు. మూడు నెలలకీ లేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. నాతోనూ సంక్రాంతి దాకా మాట్లాడలేదు.

ఈలోగా నా వైరల్ లోడ్ రిపోర్టొచ్చింది: "టార్గెట్ నాట్ డిటెక్టెడ్". వైరస్ పరీక్షకి అందనంత తగ్గిపోయింది. మాత్రలు మానకుండా ఇది ఇలాగే నిలిస్తే మొగుడూ పెళ్లాల కలయికలో ఆమెకి సోకదన్నారు. రక్తం, సూదుల సంగతి వేరు, అక్కడ జాగ్రత్త జాగ్రత్తే అన్నారు. అయితే ఆ రాత్రి హడావుడంతా ఉత్తదేనా అని కౌన్సెలర్‌ని అడిగాను. "ఆ రాత్రికి నీకు తెలీదు కదా" అంది.

నాలాగే ఎవరైనా దాచుకుని కూర్చుంటే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. పుండు మీద రక్తం పడ్డా, కండోమ్ చిరిగినా, 72 గంటల లెక్క మర్చిపోకండి.

2023లో నా భార్య మొక్కు తీర్చడానికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, ఇద్దరం నడిచాం. హనుమంతవాక దగ్గర ఆమె కాళ్లు పట్టేస్తే నేనే సంచి మోశాను.

ఇప్పుడు వేటకెళ్లేముందు ఐసూ డీజిలుతోపాటు రబ్బరు గ్లౌజుల పెట్టె ఒకటి నా డబ్బుతో కొని ఎక్కిస్తున్నాను. ఎందుకని డ్రైవరు అడగలేదు. ఐసు ముక్కలు ఎత్తడానికి బాగున్నాయని సగం వాళ్లే వాడేస్తారు. ఆ కుర్రాడు మాత్రం రెండు జతలు తీసి జేబులో దాచుకుంటాడు.