జాగ్రత్త అంటే ఏం చెయ్యాలి డాడీ?

మావాడి అడవి బాటల సైకిల్ కోసం కార్బన్ ఫ్రేము డబ్బా ఇంటికి వచ్చిన పొద్దున బాపు జగిత్యాల నుంచి వీడియో కాల్‌లో ఉన్నాడు. ఎనిమిదో క్లాసు చదివే మావాడు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి తాతకు చూపించాడు. బరువు కిలో మీద ఒక పావు ఉంటుందేమో.

"చక్రాలేవి బిడ్డా?" అన్నాడు బాపు.

చక్రాలు వేరే వస్తాయి, బ్రేకులు వేరే, ముందు ఫోర్కు ఎవరో వాడి అమ్మింది కొన్నాం అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పైసలు తక్కువైనయా? జర్ర ఆగి పురాగ ఉన్నదే కొనకపోయినవ్" అన్నాడు.

పైసల మాట అబద్ధం కాదు. మావాడికి కావాల్సింది హార్డ్‌టెయిల్, అంటే ముందు ఫోర్కుకే షాక్ అబ్జార్బర్ ఉంటుంది, వెనక ఏమీ ఉండదు. అలాంటి కార్బన్ సైకిల్ తయారుగా కొంటే నేను అనుకున్నదానికి రెండింతలు అడిగారు. పదిహేను వందల డాలర్లు దాటొద్దన్నాను. మావాడు ఎక్సెల్ షీటు వేశాడు. పేరులేని చైనా ఫ్రేముకు 430. గేర్లు షిమానో డియోర్, వెనక పన్నెండు పళ్లచక్రాలు, పెద్దదానికి 51 పళ్లు. వీల్స్ మామూలువి. టైర్ల దగ్గర మాత్రం వాదన అయింది. చవకవి వేద్దామన్నాను. "డాడీ, నేలకు ఆనేది అవొక్కటే" అన్నాడు. బేరం అక్కడితో అయిపోయింది.

బిగింపు గరాజులో మూడు శనివారాలు పట్టింది. పెడళ్లు తగిలించే క్రాంకు ఇరుసు కూర్చునే కప్పుల్లో చైను వైపుది నేనే పట్టుకుని కుడికి తిప్పాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి బిగించడమంటే కుడికే కదా. ఒక చుట్టైనా తిరగకముందే పట్టేసింది. ఇంకాస్త బలం పెడదామని రెంచి అందుకుంటే మావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. కప్పు అంచు మీద చిన్న బాణం ఎడమకు చూపిస్తోంది. తొక్కుతుంటే దానంతటదే ఊడకుండా ఆ వైపు మర ఉల్టా ఉంటుందట. నేను బలం చూపించి ఉంటే ఫ్రేము లోపలి మర చెడి 430 డాలర్లు అక్కడే పోయేవి. ఎడమ పెడల్ ఉల్టా అని మాత్రం నాకు తెలుసు, చిన్నప్పుడు కిరాయి సైకిళ్ల దుకాణంలో తిట్లు తిని నేర్చుకున్నాను.

ఆ మర కొలత పేరు బీఎస్ఏ. చూసి నవ్వొచ్చింది. తుపాకుల నుంచి సైకిళ్లలోకి వచ్చిన బర్మింగ్‌హామ్ కంపెనీ అది. మనకు బీఎస్ఏ అంటే ఎస్ఎల్ఆర్. నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు ఆ సైకిల్ కోసం రెండు పూటలు అన్నం మానేశాను. కొనలేదు. బాపు పాత సైకిల్ మీదే కైంచీ తొక్కుతూ బడికి పోయాను. మావాడికి ఇది చెబితే, "సో, ఇప్పుడొచ్చింది కదా" అన్నాడు, కప్పు తుడుస్తూ.

అమెరికాలో మేముండే ఊరు బెంటన్‌విల్‌లో సైకిల్ తొక్కే అడవి బాటలకు కొదవ లేదు. మాకు దగ్గరిది స్లాటర్ పెన్, 2007లో మొదలైన పాత బాట. ఆ పేరుకు అర్థం చెబితే మా ఆవిడ, "పిల్లగాన్ని కబేళాకు తీస్కపోతున్నవా?" అంది. పోయే ముందు మావాడు టైర్లలో గాలి ఇరవై పీఎస్ఐకి దించాడు. వేలితో నొక్కితే రాయిలా ఉండాలన్నది నా లెక్క. గాలి తక్కువుంటే రాళ్ల మీద పట్టు ఉంటుంది, నలిగి పంక్చరవడానికి లోపల ట్యూబే లేదు కదా అన్నది వాడి లెక్క.

మొదటి దిగుడులో నేను వెనక నుంచి "జాగ్రత్త! జాగ్రత్త!" అని అరుస్తూనే ఉన్నాను. కింద ఆగి హెల్మెట్ పైకి నెట్టి అడిగాడు: "జాగ్రత్త అంటే ఏం చెయ్యాలి డాడీ? బ్రేకా? స్లోనా? లెఫ్టా?"

నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ నేను బడికి పోయేటప్పుడు, బస్సెక్కేటప్పుడు, అమెరికా విమానం ఎక్కేటప్పుడు అదే మాట అంది. మా ఇళ్లలో అది ప్రేమ మాట, పని చెప్పే మాట కాదు. వాడి స్కూలు సైకిల్ టీములో ఆరు నుంచి పన్నెండో క్లాసు దాకా పిల్లలుంటారు, పోటీలో దించకుండా ఎవరినీ పక్కన కూర్చోబెట్టరు. అక్కడి కోచ్ నోట ఆ మాట ఒక్కసారీ వినలేదు. చూపు దూరంగా, మడమలు కిందికి, బ్రేకు మీద ఒక్క వేలు అంటాడు. నేను వాడి పాత సైకిల్ మీద రాయిని తప్పించుకోవాలని ఆ రాయినే చూస్తూ పోయి సరిగ్గా దాన్నే గుద్దాను. మోచెయ్యి నెల రోజులు నొప్పి పెట్టింది.

ఇప్పుడు తెలుగులోనే "దూరం చూడు" అంటున్నాను. వాడికది నచ్చింది. వెనకపడితే నాకూ అదే అరుస్తున్నాడు, కొంచెం వంకర ఉచ్చారణతో.

పోయిన ఆదివారం వాడు పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది, అది వాడికి లెక్కలో లేదు. ఫ్రేము కింది గొట్టం మీద రాయి తగిలి పెచ్చు లేచింది. అల్యూమినియమైతే సొట్ట కనబడుతుంది. కార్బన్ పైకి బాగానే ఉండి లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. నాణెంతో కొట్టి చూడాలట, దెబ్బ తిన్న చోట శబ్దం మందగిస్తుంది. ఇది నాకు తెలిసిన పనే. అంగట్లో నీళ్ల రంజను కొనేటప్పుడు అమ్మ వేలి ముడితో చుట్టూ కొట్టి, చెవి దగ్గర పెట్టి వినేది. నచ్చకపోతే పక్కదానికి పోయేది.

రాత్రి గరాజులో నేను ఫోన్ లైటు పట్టుకున్నాను. వాడు క్వార్టర్ నాణెంతో పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్. పెచ్చు దగ్గర ఆగి నా వైపు చూశాడు.

"మళ్లీ కొట్టు," అని చెవి గొట్టానికి ఆనించాను.