జేజి గదికి వైర్‌లెస్ బెల్: ఇప్పటిదాకా జరిగిన పని

కడపలోని మా ఇల్లు పాతకాలపు రాతికట్టడం కావడంతో, ముందు గదిలో ఉండే మా జేజి ఎంత పిలిచినా వెనకనున్న వంటింట్లోకి వినబడదు. ఆమె మీట నొక్కగానే అక్కడ బజర్ మోగే చిన్న రిమోట్‌ను సొంతంగా తయారు చేయాలని పూనుకున్నాను. ఎలక్ట్రానిక్స్ నాకు కొత్త గనుక, ప్రోగ్రామింగ్ అవసరం లేని, ఇంటి కరెంటును నేరుగా తాకే పని లేని పద్ధతినే ఎంచుకున్నాను.

433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, రిసీవర్ మాడ్యూళ్ల జత, సంకేతాన్ని కోడ్‌గా మార్చే హెచ్‌టీ12ఈ ఎన్‌కోడర్, ఆ కోడ్‌ను గుర్తుపట్టే హెచ్‌టీ12డీ డీకోడర్ అనే రెండు ఐసీలు (చిప్‌లు) ఇందులో ముఖ్యమైనవి. ఎన్‌కోడర్ లేకుండా మాడ్యూళ్లతోనే పని జరగదా అన్న సందేహం మొదట్లో నాకూ కలిగింది. అయితే సంకేతం లేనప్పుడు కూడా ఈ రిసీవర్ ఊరుకోదు. గాలిలోని రొదనే పెంచి బయటికి పంపుతూ ఉంటుంది కాబట్టి, బజర్‌ను దానికి నేరుగా కలిపితే వేళాపాళా లేకుండా మోగుతుంది. ఎన్‌కోడర్ 8 బిట్ల చిరునామాను, 4 బిట్ల డేటాను కలిపి పంపగా, డీకోడర్ ఆ చిరునామాను వరుసగా మూడుసార్లు సరిచూసుకున్న తర్వాతే తన 17వ పిన్నును, అంటే వీటీ అనే పిన్నును, హై చేస్తుంది (దానిమీద వోల్టేజి వస్తుంది). నాకు కావలసింది ఆ ఒక్క పిన్నే. దాని నుంచి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా బీసీ547 ట్రాన్సిస్టర్‌కు, అక్కడి నుంచి 5 వోల్టుల బజర్‌కు కనెక్షన్ ఇచ్చాను. మీట నొక్కి ఉంచినంతసేపూ బజర్ మోగుతుంది.

రెండు ఐసీలలోనూ 15, 16 పిన్నుల మధ్య పెట్టే రెసిస్టర్లను తారుమారు కానివ్వకూడదు. ఎన్‌కోడర్‌కు 1 మెగా ఓమ్, డీకోడర్‌కు 47 కిలో ఓమ్‌లు వాడాను. ఐసీ లోపలి ఆసిలేటర్ (దాని పనికి వేగం ఇచ్చే గడియారం లాంటి భాగం) ఎంత వేగంగా నడవాలో ఈ రెసిస్టర్లే నిర్ణయిస్తాయి; డీకోడర్ ఆసిలేటర్ ఎన్‌కోడర్ దానికంటే సుమారు 50 రెట్లు వేగంగా నడవాలి. 1 నుంచి 8 వరకు ఉన్న చిరునామా పిన్నులలో 2, 5, 7 లను రెండువైపులా గ్రౌండ్‌కు (సప్లై మైనస్‌కు) కలిపి, మిగతావి వదిలేశాను. ఎన్‌కోడర్ 14వ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య మామూలు కాలింగ్ బెల్ స్విచ్ పెట్టాను, ఎందుకంటే దాని వెడల్పాటి మీట ముసలివాళ్ల వేళ్లకు సులువుగా అందుతుంది. నొక్కనప్పుడు ట్రాన్స్‌మిటర్ దాదాపు ఏమీ తీసుకోదు కాబట్టి, మూడు పెన్సిల్ సెల్స్‌కు వేరే ఆన్-ఆఫ్ స్విచ్ అక్కర్లేదు.

కొత్తగా చేసేవారికి నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. రేడియో మాడ్యూళ్లను కలపకముందే, రెండు ఐసీలకూ ఒకే 5 వోల్టుల సప్లై ఇచ్చి, ఎన్‌కోడర్ 17వ పిన్నును డీకోడర్ 14వ పిన్నుకు వైరుతో కలిపి చూడండి. మీట నొక్కినప్పుడు వీటీ దగ్గర పెట్టిన ఎల్‌ఈడీ వెలిగితే ఐసీలు, రెసిస్టర్లు, చిరునామా అన్నీ సరిగ్గా ఉన్నట్టే. ఆ తర్వాత ఏ తేడా వచ్చినా వెతకవలసింది రేడియో భాగంలోనే.

యాంటెన్నాకు పాత ల్యాన్ కేబుల్‌లోని ఒంటి తీగను 17.3 సెంటీమీటర్లకు కత్తిరించాను. ఈ తరంగం పొడవు సుమారు 69 సెంటీమీటర్లు, అందులో నాలుగోవంతు ఇది. తీగ లేనప్పుడు పక్క గదికి కూడా అందని సంకేతం, రెండువైపులా తీగ అతికాక వంటింటిదాకా చేరింది. రిసీవర్‌ను మొదట కడప బండ అలమరలో స్టీలు డబ్బాల పక్కన ఉంచితే బజర్ తెగి తెగి మోగింది. అదే బోర్డును గుమ్మం పైకి మార్చి, తీగను నిటారుగా నిలబెట్టగానే ఆ ఇబ్బంది పోయింది. రిసీవర్‌కు పాత మొబైల్ చార్జర్ నుంచే 5 వోల్టులు ఇస్తున్నాను; మాడ్యూల్ పిన్నుల పక్కనే 100, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లను అతికాక ఎల్‌ఈడీ నిలకడగా వెలుగుతోంది.

బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలను గుచ్చి చూసే పలక) మీద ఉన్నదాన్ని జీరో పీసీబీ (భాగాలను సోల్డర్ చేసే రంధ్రాల బోర్డు) మీదికి మార్చడం పూర్తయింది. ఐసీలను నేరుగా సోల్డర్ చేయకుండా బేస్‌లలో పెట్టాను. కరెంటు పోయినప్పుడు రిసీవర్ ఆగిపోకుండా దాన్ని పవర్‌బ్యాంకుకు మార్చాలనుకుంటున్నాను గానీ, ఇంత తక్కువ కరెంటు వాడకానికి కొన్ని పవర్‌బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి కాబట్టి, ఇంట్లో ఉన్నదాన్ని ముందు ఒక రాత్రంతా పెట్టి చూడాలి.